బందు కింద పేకముక్క

రాత్రి రెండున్నర. టక్. కాసేపాగి మళ్ళీ టక్.

దుప్పటి తీయకుండానే తెలుసు ఏది కొట్టుకుంటోందో. వీధి వైపు కిటికీ, కుడి రెక్క. దాని పై గడియ పడుతుంది, కింది గడియ పడదు. కింది మూల చట్రంలోకి దిగకుండా అరవేలు బయటే ఆగిపోతుంది. గాలికి ఆ అరవేలు చాలు. రెక్కని లాగి వదులుతుంది, లాగి వదులుతుంది.

లేచి లైటు వేశాను. కరెంటు ఇంకా తీయలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమని సాయంత్రం నుంచీ టీవీలో ఒకటే గోల. కాకినాడ పోర్టులో మూడో నంబరు ఎగరేశారట. కిటికీ గట్టు మీద నీళ్ళు నిలిచాయి, అక్కణ్ణుంచి గోడ వెంట సన్నగా జారి అమ్మ మంచం కోళ్ళ దగ్గర మడుగు కట్టాయి. తడి చెక్క వాసన, దాని వెనకాల ఉప్పుటేరు వాసన. అమ్మ మెలకువగానే ఉంది.

"పేపరు పెట్టరా."

ఆ కిటికీకి మా ఇంట్లో తెలిసిన వైద్యం అదొక్కటే. నిన్నటి పేపరు తీసి మడతపెట్టి రెక్కకీ చట్రానికీ మధ్య కుక్కాను. పోయినేడు నాలుగు మడతలు సరిపోయేవి. ఇప్పుడు ఆరు మడతలు పెట్టినా ఇంకా ఆడుతోంది. ఎనిమిదో మడతకి ఊరుకుంది. ఊచల మధ్య చెయ్యి దూర్చి నొక్కుతుంటే వేళ్ళ కణుపుల మీద చల్లటి గాలి కత్తిలా పోతోంది.

మంచం ఇటు జరుపుకోమంటే అమ్మ వినదు. ఆ కిటికీ కిందే పడుకోవాలి, వీధిలో ఎవరు వెళ్ళినా ఆవిడకి తెలియాలి.

తెల్లవారేసరికి పేపరు నాని ముద్దయింది. తీస్తే, సినిమా పేజీ అక్షరాలు తిరగబడి చట్రం మీద అచ్చు పడ్డాయి.

*

ఎనిమిదింటికి వాన తెరిపిచ్చింది. వడ్రంగి మేస్త్రి పాత మోపెడ్ మీద వచ్చి అరుగు దగ్గర ఆపాడు. అరవై దాటి ఉంటాయి. భుజాన గోనె సంచి. అందులో ఏముందో చప్పుడే చెబుతుంది: ఉలి, సుత్తి, చిత్రిక, పటకారు. సంచి దించాడు గానీ విప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాడు.

"పొంగిపోయిందండి మేస్త్రిగారూ, వానలకి. కింద కాస్త చిత్రిక పట్టేస్తే సరిపోతుంది," అన్నాను. రోగం పేరూ మందూ నేనే చెప్పేశాక ఇక ఆయనకి మిగిలింది చిత్రిక పట్టడమే అనుకున్నాను.

ఆయన నా వైపు చూడలేదు. రెక్క తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. మూడోసారి కళ్ళు మూసుకుని మూశాడు. కిర్‌మని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వింటున్నాడు.

"సుద్దముక్కుందాండి?"

మా అమ్మాయి పలకల కాలం ఎప్పుడో పోయింది. ముగ్గు డబ్బాలోంచి అమ్మ ఓ ముక్క తీసిచ్చింది. మేస్త్రి చట్రం కింది గాడి పొడుగునా, నిలువు గాడి పొడుగునా దాన్ని మందంగా రుద్దాడు. రెక్క మెల్లగా మూసి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి తెరిచాడు. వంగి రెక్క అంచు చూసి నన్ను పిలిచాడు.

"చూడండి బాబూ. ఎక్కడంటిందీ?"

కింది అంచున, మధ్య వైపు మూలలో, రెండు వేళ్ళ మేర తెల్లగా అంటింది. మిగతా అంచంతా శుభ్రంగా ఉంది.

"చెక్క పొంగితే అంచు పొడుగునా తగలాలండి. ఇది ఒక్క మూలే తగుల్తోంది. పొంగింది కాదండిది, వాలింది."

రెక్క కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తాడు. పైన ఎక్కడో కిటుక్కుమంది. అంతసేపూ చట్రానికి తగులుతున్న మూల చడీచప్పుడూ లేకుండా గాడిలోకి దిగిపోయింది. పదేళ్ళుగా నేను పేపర్లు కుక్కుతున్న సందు అది. చెయ్యి తీశాడు. మళ్ళీ అరవేలు వాలింది.

"మీరు కింద చూస్తున్నారు. దాని నొప్పి పైనుందండి."

పై బందు వైపు చూపించాడు. రెక్క వాలిందంటే బరువు మోసే పై బందు వదులైందన్నమాట. పైన రెక్క చట్రాన్ని వదిలి ముందుకి తూలుతుంది, దాంతో అవతలి కింది మూల నేలచూపు చూస్తుంది. చట్రానికి తగిలేది ఆ మూల. మనకి కనబడేది అదే కాబట్టి చిత్రిక దాని మీదే పడుతుంది. కోసిన కొద్దీ మూల అరుగుతుంది, బందు మాత్రం అలాగే ఊగుతూ ఉంటుంది. మళ్ళీ వానాకాలానికి మళ్ళీ తగులుతుంది. కోత ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి కూడా చూశాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, బందుల వైపున రెక్కకీ చట్రానికీ మధ్య సందులో పెట్టాడు. పైన బిళ్ళ ఆడుతూ దూరింది. అది సరే, పై బందు వదులు గదా. కింద కూడా దూరింది. మేస్త్రి నొసలు ముడిపడింది.

"పైన తూలినప్పుడు కింద బిగిసిపోవాలండి. కింద కూడా ఇంత సందుందంటే..." కాస్త ఆగాడు. "ఎవరో లోపల ఏదో పెట్టేరు."

*

అప్పుడు విప్పాడు సంచి.

నాకిచ్చిన పని రెక్కని మోయడం. అరుగు మీద నిలబడి భుజం ఆనించాను. రెండు చేతుల బారుండదు గానీ, టేకు రెక్క, నాలుగు పలకలూ అడ్డకమ్మీలూ కలిసి బస్తా బియ్యంలా దిగింది భుజం మీదికి. ఈ పక్క పాత ఇళ్ళలో ఏ చెక్క అడిగినా రంగూన్ టేకనే చెబుతారు. మా తాతయ్యా అదే చెప్పేవాడు. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి మనవాళ్ళు ఓడలెక్కి బర్మాకి కూలికి పోయిన రోజులవి. అక్కడ తెలుగువాడంటే కోరంగీ అనేవారు. మనుషులు అటు, టేకు ఇటు. మేస్త్రికి ఈ కథ చెబితే, "ఏ ఊరిదైనా టేకు టేకేనండి, కాస్త గట్టిగా పట్టుకోండి," అన్నాడు.

స్క్రూలు కనబడితేగా విప్పడానికి. బందు రేకుల మీద రంగు అట్టలు కట్టి ఉంది. ఆక్సా బ్లేడు ముక్కతో గీకుతుంటే పెంకులు పెంకులుగా లేచింది. పైన క్రీము, దాని కింద ఆకుపచ్చ, దాని కింద లేత నీలం, మళ్ళీ ఆకుపచ్చ. క్రీము మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వేసింది, నీలం 2003లో చెల్లి పెళ్ళికి. ఇంట్లో శుభకార్యమంటే కిటికీలకి రంగు పడాలి. పాతది గీకి వేద్దామని ఏ పెళ్ళివారింట్లోనైనా అన్నవాళ్ళు నాకు తగల్లేదు. అలా పెళ్ళికో పొర చొప్పున గాడి నిండుతూ వస్తుంది. బందు మడతలోనూ రంగు గడ్డకట్టి, మూసినప్పుడు రెక్కని వెనక్కి తంతుంది.

స్క్రూ తలమీది గాడిని కొసతో శుభ్రం చేసి, విప్పే ముందు ఒక్కోదాన్నీ స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో టక్కున కొట్టాడు. తుప్పు పట్టు వదలడానికట. ఉప్పుగాలి ఊళ్ళో ఇనుప స్క్రూ బతుకెంత? రెండు తిరిగి వచ్చాయి, ఒకటి తల తెగింది. ఇంకొకటి విప్పనే అక్కర్లేదు, వేలితో లాగితే వచ్చేసింది. చెక్కలోని చిల్లు నల్లగా, లోపల పొడి పొడిగా ఉంది.

"ఇది ఈమధ్య వదిలింది కాదండి. ఎప్పుడో ఒక్కపాలే లాగేసింది."

ఎప్పుడో నాకు తెలుసు. మంచం మీంచి అమ్మే చెప్పింది ముందు: "తొంభయ్యారు తుపాను."

1996 నవంబరు 6. తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన రాత్రి. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి, వేయికి పైగా ప్రాణాలు పోయాయి. ఈ పేటలో మేము పెంకులు లేచిపోతుంటే వింటూ కూర్చున్నాం. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. గాలి ఈ రెక్కని లోపలికి నెట్టలేదు, బయటికి పీకింది. అది నాకిప్పటికీ గుర్తు. ఇంటి మీంచి దూసుకుపోయే గాలి, తను తగిలే గోడకి అవతలివైపు కిటికీల్ని అలాగే పీలుస్తుందట. నాన్న కట్టుకున్న పంచె చింపి, రెక్క గడియని ఊచకి కట్టి, ఆ ముడి పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాడు. ముడి ఊడలేదు గానీ పై బందు స్క్రూలు చెక్కలో తమ చోటు పోగొట్టుకున్నాయి.

*

రెక్క అరుగు మీదికి దిగింది. మేస్త్రి మొలతాడంత పురికోస తీసి ఈ మూల నుంచి ఆ మూలకి, తర్వాత అడ్డంగా రెండో వైపు మూలలకి పట్టి చూశాడు. రెండూ సమానం. అంటే రెక్క మూలల అతుకులు గట్టిగానే ఉన్నాయి, రెక్క తనంతట తాను వంకర తిరగలేదు. "ఇది తప్పితే పెద్ద పని పడేదండి," అని మొదటిసారి నవ్వాడు.

కింది బందు తీశాడు. రేకు కిందనుంచి పసుపుపచ్చగా మాగిన ముక్కలు నాలుగు రాలాయి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా అతికినట్టు. ఒక దాని మీద సగం మొహం, ఒక దాని మీద నల్లటి కళావరు ఆకు.

"పేకముక్కండి. మంచి పని తెలిసినాయనే పెట్టేడు. అట్టయితే నలిగిపోద్ది, పేకముక్క నలగదు."

నాన్న పనే. తుపాను తర్వాత వారం పది రోజులు కరెంటు లేదు. అప్పుడే సర్ది ఉంటాడు. ఆయన ఆలోచన కూడా తప్పేం కాదు. పైన బందు లోపలికి రానంటే, కింద బందుని కొంచెం బయటికి నెడితే రెక్క మళ్ళీ నిటారుగా నిలబడుతుంది, మూల పైకి లేస్తుంది. లేచింది కూడా. కానీ దానివల్ల రెక్క మొత్తం ఒక మందం అవతలికి జరిగి ఎడమ రెక్కని ఒరుసుకుంది. చెల్లి పెళ్ళికి వచ్చిన వడ్రంగి, ఒరుసుకుంటోందిగా అని ఆ అంచుని చిత్రిక పట్టేశాడు. దాంతో ఎండాకాలంలో రెండు రెక్కల మధ్య వీధి దీపం గీతలా కనబడేది. ఆ గీత కనబడకుండా పెయింటరు మందంగా రంగు కొట్టాడు. తర్వాత నేనూ నా పేపర్లూ. ఒకరు చేసిన దాన్ని ఇంకొకరు సర్దుతూ వచ్చాం. పై బందు వైపు మాత్రం ఎవరం తలెత్తలేదు.

అమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. ముక్కలు అరచేతిలో పోసుకుని, అటూ ఇటూ జరిపి మొహం కలిపింది.

"కళావరు జాకీ! ఓరి దేముడా, ఈయనే కోశారా?"

ఆ వారమంతా లాంతరు వెలుగులో పేకాటే. ఓ రాత్రి మా మావయ్య షో చెప్పాడు. నాన్న కట్ట లెక్కపెట్టి, ఒక ముక్క తక్కువుంది, ఆట చెల్లదన్నాడు. ముక్క నువ్వు దాచావంటే నువ్వు దాచావని మాటా మాటా పెరిగి మావయ్య వానలో ఇంటికి పోయాడు. తర్వాత కలిశారు, కానీ ఆ జాకీ మాట ప్రతి సంక్రాంతికీ వచ్చేది. నాన్న మరిచిపోయాడో, గుర్తుండే గడుసుగా ఊరుకున్నాడో అడగడానికి ఇప్పుడాయన లేడు.

"ఇవి పారెయ్యమాకండి," అంది అమ్మ మేస్త్రితో. కొంగున ముడేసుకుంది.

*

చిల్లులు పూడ్చడం చూడాల్సిన పని. ముందు తల తెగిన స్క్రూ చుట్టూ సన్న ఉలితో తవ్వి పటకారుతో మొదలంటా లాగాడు. నల్లబడిన పొడి చెక్క గీకేశాడు. సంచిలో ఓ పాత టేకు ముక్కుంది. దాన్ని నిలువునా చీల్చి, అగ్గిపుల్లల కంటే లావుగా, కొస సన్నగా పుల్లలు చెక్కాడు. వాటిని థిన్నరు గుడ్డతో తుడిచాడు, టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగా పట్టదట. ఫెవికాల్‌లో ముంచి, ఒక్కో చిల్లులో రెండేసి మూడేసి కొట్టి, ఇక దిగనన్నాక మిగిలిన కొసల్ని ఉలితో నున్నగా తెంపాడు. వేలితో తడిమితే ఎక్కడ చిల్లుండేదో తెలియదు.

"ఆరాలి. ముసురు గదండీ, నిదానంగా ఆరుద్ది. ఈలోగా టీ ఇప్పించండి."

టీ తాగుతూ అడిగాను, ఇంతకీ చెక్క పొంగదా అని. ఎందుకు పొంగదూ అన్నాడు. కానీ చెక్క అడ్డంగా ఒళ్ళు చేస్తుంది గానీ పొడుగు పెరగదట. వానాకాలంలో రెక్క వెడల్పు పెరుగుతుంది, ఎత్తు ఉన్నంతే ఉంటుంది. నిలువు కమ్మీలు చెరోవైపు లావెక్కుతాయి. అందుకే పొంగిన రెక్క పక్క రెక్కని నెడుతుంది, కింద తగలదు. కింద తగిలిందంటే బందు చూడాలి, పక్కన తగిలితే కాలం చూడాలి.

"మరి పక్కన తగిలితే ఇప్పుడే చిత్రిక పట్టొచ్చుగా?"

"వానల్లో కోస్తే ఎండల్లో ఏడుస్తారండి." గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు గీత గీసుకోవాలి. మాఘంలోనో ఫాల్గుణంలోనో గీత దాకా కోయాలి. కోసిన పూటే రంగో నూనో పట్టించాలి. కోసిన చోట చెక్క నోరు తెరుచుకుని ఉంటాది, తడి ఊరికే తాగేస్తాది."

రెండిళ్ళ అవతల కిటికీలన్నీ పీకి తెల్లటి యూపీవీసీ పెట్టించారు. రబ్బరు అంచులుండి గాలి చొరబడదు, నిజమే, మెచ్చుకోవలసిందే. కాకపోతే జరుపుడు కిటికీల కింది పట్టాలో నీళ్ళు పోయే చిల్లులుంటాయని ఆ ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పలేదు. దుమ్ముతో అవి పూడుకుపోయి, మొన్నటి వానకి పట్టా నిండి నీళ్ళు హాల్లోకి పొర్లాయి. కొత్త కిటికీ అయినా దాని కష్టం దానికుంటుంది.

*

మధ్యాహ్నం రెండింటికి రెక్క మళ్ళీ నా భుజమెక్కింది. ఈసారి స్క్రూలు ఇత్తడివి, పొడుగు ఒకటిన్నర అంగుళం. పాతవి ముప్పావు అంగుళమే. పుల్లల్ని దాటి, వెనకున్న గట్టి చెక్కలోకి పోవాలి కదా. అయితే ఇత్తడి మెత్తన, తిప్పుతుండగానే విరుగుతుంది. అందుకని అదే కొలత ఇనుప స్క్రూని ముందు పూర్తిగా బిగించి, మళ్ళీ విప్పేసి, ఆ దారిలో ఇత్తడిది పెట్టాడు. పెట్టేముందు ఒక్కోదాన్నీ అరిగిన బట్టల సబ్బు మీద గీశాడు. బందులు కూడా ఇత్తడివే తెప్పించాం. ఇత్తడి బందుకి ఇనుప స్క్రూ వేస్తే ఉప్పుగాలికి స్క్రూనే ముందు తినేస్తుంది.

కింది బందు కింద ఏమీ పెట్టలేదు.

"ఒదలండి."

భుజం తీశాను. రెక్క గాలిలో నిలబడింది. ఇప్పటిదాకా తెరిచినప్పుడల్లా అది తనంతట తనే ఇంకా బయటికి జారిపోయేది, కొక్కెం పెడితే గానీ ఆగేది కాదు. ఇప్పుడు ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. మేస్త్రి ఒక్క వేలితో నెట్టాడు. టప్ అని దిగింది గాడిలోకి. పదేళ్ళ తర్వాత కింది గడియ కిందికి జారి దాని చిల్లులో పడింది. గడియ తుప్పు వదిలి కదలడానికి మాత్రం కిరసనాయిలు చుక్క కావలసి వచ్చింది.

పేపరు చింపి అంగుళం వెడల్పు పట్టీ చేయమన్నాడు. రెక్కకీ చట్రానికీ మధ్య పెట్టి మూసి, లాగి చూడాలి. పైన లాగితే రాలేదు. బందుల వైపు రాలేదు. కింద లాగితే చిరిగింది గానీ రాలేదు. మధ్యలో, రెండు రెక్కలు కలిసే చోట, సుతారంగా జారి వచ్చేసింది. చెల్లి పెళ్ళినాటి చిత్రిక అది.

"దానికి టేకు పట్టీ అతకాలండి. తడి చెక్క మీద అతికితే ఊడుద్ది. మాఘంలో చేద్దాం." పెన్సిలు నాలికకి రాసుకుని రెక్క అంచున పైనుంచి కిందికి గీత గీశాడు. పక్కన పట్టీ మందం రాశాడు, తేదీ వేశాడు. అప్పటిదాకా అంటూ పాత సైకిలు ట్యూబు కత్తిరించి, రెక్క మీద రెక్క పడే లోపలి అంచుకి చిన్న మేకులతో కొట్టాడు. మళ్ళీ పేపరు పెట్టి లాగమన్నాడు. ఈసారి పట్టుకుంది.

"ఆ గీత మీద రంగు మాత్రం ఎయ్యకండి. ఇంట్లో పెళ్ళి కుదిరినా సరే."

*

రాత్రి తొమ్మిది. వాన మళ్ళీ అందుకుంది. దేవుడి గూట్లోంచి ఊదొత్తి వెలిగించి తెచ్చి కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పుతున్నాను. కుడి రెక్క చుట్టూ పొగ నిలువుగా లేస్తోంది. కింది మూల దగ్గర కాసేపు ఎక్కువ ఆపాను, అక్కడా నిలువే. ఎడమ రెక్క పైకి వచ్చేసరికి, బందు దగ్గర, పొగ తల కొంచెం లోపలికి వంగింది.

రేపు మేస్త్రికి ఫోను చెయ్యాలి.

వెనక అమ్మ ఫోనులోనే ఉంది. ముడి విప్పి నాలుగు ముక్కలూ దుప్పటి మీద పేర్చుకుంది. "నిద్రపోయావేంట్రా? ... కాదు, ఒంట్లో బాగానే ఉంది. జాకీ దొరికింది... కళావరు జాకీరా! ... కిటికీలో... ఆఁ, మీ బావగారే."

అవతల కాసేపు మాట లేదు. బయట వాన కొడుతోంది గానీ గదిలో చప్పుడు లేదు, మావయ్య గొంతు ఇక్కడ నిలబడ్డ నాకూ వినబడుతోంది.

"అయితే అక్కా, ఆ ఆట నాదేగా?"